మొగిలి కుడిభుజం

డాక్టర్ రమామణికి కోపం వస్తే గొంతు లేవదు, కళ్ళజోడు జారుతుంది. దాన్ని ముక్కు కొసన నిలబెట్టి, పైనుంచి ఎదుటిమనిషిని చూస్తుంది. ఆ చూపు కింద అబద్ధంతో నిలబడగలిగిన రోగి ఇంతవరకూ గోదావరిఖనిలో పుట్టలేదని ఆమె నర్సింగ్‌హోమ్‌లో నర్సులు చెప్పుకుంటారు. జాతర ముగిశాక సోమవారం పొద్దున మాత్రం మొగిలి నిలబడ్డాడు.

ఎక్స్‌రే ఫిల్ము వెలుగు పెట్టె మీద వేలాడుతోంది. మెడ కింద నుంచి కుడిభుజం దాకా ఉండే మెడ ఎముక మీద, నవంబరులో ఆమె స్వయంగా వేసిన ప్లేటు సరిగ్గా నడుమకు విరిగి, రెండు తునకలూ ఒకదానితో ఒకటి పడనట్టు ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. ఆ ఎముక బొగ్గుబావిలో పైకప్పు పెళ్ళ మీద పడి విరిగిన ఎముక. అతుక్కోవడానికి ఇంకా కొన్ని నెలలు పట్టేది. అప్పటిదాకా దాన్ని మోయాల్సిన ప్లేటే ఇప్పుడు లేదు.

"ఏం ఎత్తినవ్ మొగిలీ?"

"ఏం ఎత్తలేదమ్మా."

"ఉక్కు ప్లేటు. దానంతట అది విరగదు."

"జాతరల తల్లికి దండం పెట్టిన. రెండు చేతులు గిట్ల మీదికి లేపిన. లోపట కటుక్కుమన్నది."

రమామణి కళ్ళజోడు ఇంకాస్త జారింది. దండం పెడితే ప్లేటు విరిగిందట. ఎముకల డాక్టరుగా ఇరవై ఏళ్ళకు పైగా ఎన్నో కథలు విన్నది. నిద్రలో విరిగిందన్నవాళ్ళున్నారు, తుమ్మితే విరిగిందన్నవాళ్ళున్నారు. అందరూ చివరికి సిమెంటు బస్తా దగ్గరో, మోటారుసైకిలు దగ్గరో తేలినవాళ్ళే. దేవుడి మీదికి నెట్టినవాడు మాత్రం వీడే మొదటివాడు.

మొగిలి వెనకాల అతని బామ్మర్ది ఎల్లన్న నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే బావి, ఒకే షిఫ్టు. గోదావరి ఒడ్డు మీద సమ్మక్క గద్దెల దగ్గరికి బెల్లం మోసుకుపోయింది తనేనని, అసలు మొక్కే మొగిలి పేరు మీదదని ఎల్లన్న వివరంగా చెప్పుకొచ్చాడు. పెళ్ళ కింద పడి ప్రాణంతో బయటికొచ్చినందుకు మొగిలి బరువుకు సరితూగే బెల్లం తల్లికి ఇస్తానని అతని భార్య సారవ్వ మొక్కుకుంది. జాతరలో ఆ బెల్లాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. బంగారాన్ని నేల మీద పెట్టకూడదు. బస్తాలు భుజాల మీదనే గద్దె దాకా పోవాలి.

"మొత్తం నువ్వే మోసినవా?" అని అడిగింది రమామణి.

ఎల్లన్న తల గోక్కున్నాడు. ఇద్దరు దోస్తులు, తను కలిసి మోశామన్నాడు. మధ్యలో ఒక్కచోట దాహమై నీళ్ళకు పోయాననీ, ఆ కాసేపు తన బస్తా బావ దగ్గర ఉందనీ ఒప్పుకున్నాడు.

"ఎక్కడ ఉంది? నేల మీదనా?"

"నేల మీద పెట్టరాదు గదమ్మా," అని ఎల్లన్న నాలుక కరుచుకున్నాడు.

ఇంకేం కావాలి. రమామణి కళ్ళజోడు పైకి నెట్టుకుంది. మొగిలి మాత్రం ఆ బస్తాను పక్కనున్న ముసలాయన బండి మీద పెట్టించాననీ, తను చెయ్యి తగిలించలేదనీ అన్నాడు. ఆ ముసలాయన ఎవరో, బండి ఏ ఊరిదో అతనికి తెలియదు. లక్షమంది జనంలో ఒక ముసలాయన.

తలుపు దగ్గర నిలబడ్డ సారవ్వ ఇంతసేపూ భర్త వైపు చూడలేదు. డాక్టరుతోనే మాట్లాడింది. ఎత్తాడో లేదో తనకు తెలియదంది. ఎత్తితే అబద్ధమాడుతున్నట్టు, అదీ తల్లి సన్నిధిలో జరిగినదాని గురించి. "ఎత్తకుంటే గది ఇంక పెద్ద ఫికరమ్మా. దండం పెట్టిన చెయ్యిని తల్లి ఊకెనే ఇరుస్తదా? మాకెరుకలేని పాపం ఏదో ఉన్నట్టే గదా." జాతర నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఆమె అతనితో మాట్లాడడం మానేసిందని ఎల్లన్న గొణిగాడు. కంచం పెడుతుంది, నీళ్ళు పెడుతుంది, మాట మాత్రం లేదు.

మొగిలికి ముందు నుయ్యి వెనక గొయ్యి అయింది. ఎత్తానంటే దొంగ, ఎత్తలేదంటే పాపాత్ముడు. అయినా వాడు ఒకటే మాట మీద ఉన్నాడు. ఆ మొండితనమే రమామణికి ఒళ్ళు మండించింది. ఎత్తానని ఒక్కమాట అంటే తిట్టి, కొత్త ప్లేటు వేసి, పంపించేది కదా. గదిలోంచి హాల్లోకి వచ్చి, బెంచీల మీద కూర్చున్న జనం వైపు చేయి చూపి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"చూడున్రి. బరువులు ఎత్తొద్దని చెవులల్ల ఇల్లు కట్టుకొని చెప్తం. ఎత్తుతరు. మల్ల వచ్చి, దండం పెడితే విరిగిందంటరు."

హాలంతా నవ్వింది. చేతికి కట్టుతో ఉన్న ఒక ముసలమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. సాయంత్రానికల్లా ఆ మాట మొగిలి ఉండే క్వార్టర్ల లైనంతా తిరిగింది. నల్లా దగ్గర బిందెలు పెట్టేవాళ్ళు ఒకరికొకరు దండం పెట్టుకొని, అబ్బా విరిగింది అంటూ భుజం పట్టుకుంటున్నారట. రమామణి కేసు కాగితంలో, రోగి బరువు ఎత్తినందువల్ల ప్లేటు విరిగింది అని రాసి, రెండోసారి ఆపరేషనుకు రోజు చూసి చెబుతానంది.

ఆ వారమే పార్లమెంటులో తెలంగాణ బిల్లు పాసైంది. అనంతరామ్ రామగుండం స్టేషన్‌లో దిగేసరికి ఆటోలన్నీ ఊరేగింపులో ఉన్నాయి. నెత్తి నిండా గులాల్‌తో, చంకలో అట్టపెట్టెతో, చెమటలు కక్కుతూ నర్సింగ్‌హోమ్ చేరాడు. అతను రమామణికి పినతల్లి కొడుకు. మంథనిలో పుట్టి, హైదరాబాదులో కంపెనీలకు ప్లాస్టిక్ నమూనాలు చేసిపెట్టే చిన్న కార్ఖానా పెట్టుకున్నాడు. ఈమధ్య వాడికి ఎముకల పిచ్చి పట్టింది. కంప్యూటరులోని బొమ్మను పొరలు పొరలుగా పేర్చి వస్తువుగా చేసే మిషన్లు రకరకాలుగా వచ్చాయి. వాటిలో ఏది ఎముకల డాక్టర్లకు పనికొస్తుందో తేల్చి ఒక డాక్టర్ల సభలో చదవాలని వాడి కోరిక. తేల్చాల్సింది అక్కయ్య. అందుకు బదులుగా మొగిలి ఎముక నమూనా చేసి తెమ్మని రమామణి అడిగింది. ప్లేటును ముందే నమూనా మీద పెట్టి వంచుకుంటే ఆపరేషను బల్ల మీద సగం పని తగ్గుతుంది.

"కుడి ఎముక ముక్కలై ఉన్నది గదా అక్కయ్యా. నవంబరుల కరీంనగర్‌ల తీపిచ్చిన స్కాన్‌లకెల్లి ఎడమ ఎముకను తీసుకొని, అద్దంల చూసినట్టు తిప్పిన. అందరు గట్లనే చేస్తరు," అని పెట్టె విప్పాడు.

మూడు మెడ ఎముకలు బల్ల మీదికొచ్చాయి. మొదటిది చిలకపచ్చ రంగులో ఉంది. రమామణి దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, ఇదేం రంగు అన్నట్టు చూసింది. ఆ రంగు రీలే మిగిలిందని అనంతరామ్ నసిగాడు. ప్లాస్టిక్ తీగను కరిగించి, సన్నటి ముక్కులోంచి పిండుతూ వరస మీద వరస పోస్తుంది ఆ మిషను. అంటే సకినాలు చుట్టినట్టా అని ఆమె అడిగితే, అచ్చం అంతేనన్నాడు. గోరు పెట్టి గీస్తే వరసలు తెలుస్తున్నాయి. వంపు కింద ఊతంగా పోసిన పుల్లలు విరిచేసిన చోట మొటిమల్లా మోడులు మిగిలాయి.

రెండోది తెల్లగా, చల్లగా, అచ్చం ఎముకలానే ఉంది. నర్సు దాన్ని చూసి ఒకడుగు వెనక్కి వేసింది. సుద్దపొడి పల్చగా పరిచి, ఎముక ఉండాల్సిన మేరకే జిగురు చల్లి, మళ్ళీ పొడి, మళ్ళీ జిగురు. చివరికి ఊదేస్తే జిగురు తాగినదే మిగులుతుంది. మూడోది తేనెరంగులో నున్నగా మెరుస్తోంది. తొట్టిలో జిగట ద్రవం పోసి, వెలుగు పడ్డ చోటల్లా గడ్డకట్టించి పైకి లాగుతారు. ఇంకా కాస్త వాసన కొడుతోంది. లోహపు పొడినే వెలుగుతో కరిగించి ప్లేటునే పోసే మిషన్లు కూడా ఉన్నాయని అనంతరామ్ చెప్పబోతే, ముందు వీటి సంగతి చూడమని రమామణి ఆపేసింది.

అప్పుడే కరెంటు పోయింది. బొగ్గు ఈ ఊళ్ళో తవ్వుతారు, కరెంటు ఈ ఊరి పక్కనే చేస్తారు, పోవడం కూడా మొదట ఇక్కడే పోతుంది. రమామణి విసుక్కుంటూ బల్లను కిటికీ దగ్గరికి లాగించింది.

"నాకు అందం వద్దు. ప్లేటు పెట్టి నొక్కితే ఓర్చుకునే బొక్క కావాలె," అంది ఎముకలను వేలితో తట్టి.

ఉక్కు ప్లేటును తెల్లదాని మీద పెట్టి బొటనవేళ్ళతో నొక్కింది. పటుక్కుమని రెండైంది. అనంతరామ్ మొహం కూడా రెండైనంత పనైంది. దానికి ఇంకోసారి జిగురు తాగిస్తే గట్టిపడేదని అంటున్నాడు. ఆమె వినలేదు. తేనెరంగుది నొక్కుడుకు ఓర్చింది. ఎముక మీది సన్నటి గీతలు చూడ్డానికి దీన్ని మించింది లేదని ఒప్పుకుంది కూడా. కానీ స్క్రూ కోసం బ్యాటరీ డ్రిల్లుతో రంధ్రం వేయబోతే నిలువునా చీలింది. పచ్చదానికి రంధ్రం వేస్తే ప్లాస్టిక్ కరిగి డ్రిల్లుకు జిలేబీ పాకంలా చుట్టుకుంది, ఆ కంపు వేరే. కానీ విరగలేదు, చీలలేదు. ఎంత నొక్కినా ఎద్దులాగా ఓర్చుకుంది.

తీర్పు చెప్పేసింది. చూడ్డానికి ద్రవంది, ప్లేటు వంచడానికి తీగది, షోకేసులో పెట్టుకోవడానికి పిండిది. అనంతరామ్ దాన్ని రాసుకుంటూ, పిండి పద్ధతికి అన్యాయం జరిగిందని సణుగుతూనే ఉన్నాడు.

కరెంటు రాకపోయినా ఆమె పనిలో పడింది. రెండు ప్లయర్లు తీసుకుని, కొత్త ప్లేటును పచ్చ ఎముక మీద పెట్టి చూసి, తీసి, ఒక రంధ్రానికీ ఇంకో రంధ్రానికీ మధ్య కొద్దిగా మెలిపెట్టి, మళ్ళీ పెట్టి చూసింది. మెడ ఎముకకు రెండు వంపులుంటాయి, ముందుకొకటి వెనక్కొకటి. ప్లేటు రెంటికీ ఒదగాలి. ఎక్కువ వంచితే మళ్ళీ వెనక్కి వంచకూడదు, లోహం అలిసిపోతుంది. ఊపిరి బిగబట్టి చేసింది. చివరికి ప్లేటుకూ ఎముకకూ మధ్య కిటికీ వెలుగు ఎక్కడా కనబడకుండా అతుక్కుపోయింది. జాతర తర్వాత ఆమె మొహం విచ్చుకోవడం అదే మొదటిసారి.

పెట్టె అడుగున ఒక పొట్లం మిగిలింది. విప్పితే తెల్లటి ముక్కలు. మొగిలి కుడి ఎముక విరిగిన ముక్కలవి. పిండి మిషనులో కాస్త జాగా ఖాళీగా ఉంటే, ఊరికే పోనీయడం ఎందుకని వాటినీ పోశానన్నాడు అనంతరామ్. వీటికి మాత్రం జిగురు బాగా తాగించాడట.

"విరిగిన ముక్కలు నేనేం చేసుకోను? లోపల చూస్తనే ఉంట గదా," అని వాటిని పక్కకు నెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం రోగులు లేరు. ఊరంతా మళ్ళీ ఏదో ర్యాలీ. రమామణికి ఖాళీగా కూర్చుంటే చిరాకు. పొట్లం విప్పి, పగిలిన గాజు అతికించినట్టు ముక్కల అంచులు ఒకదానికొకటి చూసుకుంటూ జిగురు పెట్టింది. అంచులు చక్కగా కలిశాయి. అది ఆరాక పచ్చదాని పక్కన పెట్టింది.

రెండూ ఒకటి కాలేదు. తెల్లది కాస్త పొట్టి, బాగా లావు. భుజం వైపు వంపు మెట్టలాగా లేచి ఉంది. తనే తప్పుగా అతికించానని విరిచి మళ్ళీ అతికించింది. మళ్ళీ అంతే. అనంతరామ్‌ను కేకేసింది.

"నీ పిండి ఆరితే కుంచించుకుపోతున్నదిరా."

"పొడుగుల కుంచించుకపోయి లావుల పెరుగుతదా అక్కయ్యా?"

"జిగురు ఎక్కువ తాగించినవు, ఉబ్బింది."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టున్నది నీ ముచ్చట," అన్నాడు అనంతరామ్. నిన్నటి నుంచీ పిండి పద్ధతి మీద పడుతున్న నిందలు వాడికి బాగా తగిలాయి. ఇద్దరూ బల్లకు అటూ ఇటూ నిలబడి మంథని ఇంట్లో చిన్నప్పుడు కొట్టుకున్నట్టే కొట్టుకున్నారు. రమామణి పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. చివరికి వాడు రోషంతో ఆ సాయంత్రం బండికే హైదరాబాదు వెళ్ళిపోయాడు. అవే ముక్కలను మిగతా రెండు పద్ధతుల్లోనూ చేసి పంపుతానని, అప్పుడు ఎవరిది తప్పో తేలుతుందని గుమ్మంలో నిలబడి మరీ చెప్పిపోయాడు.

పెట్టె ఆర్టీసీ బస్సు పార్సిల్లో వచ్చింది. ఈలోగా మొగిలి రెండుసార్లు వచ్చి, ఆపరేషను రోజు అడిగి పోయాడు. రెండోసారి నర్సు ముసిముసిగా నవ్వుతూ, దండాలు పెడుతున్నావా ఏంటి అనడిగింది. మొగిలి నవ్వలేదు, కోపగించుకోలేదు. వేలాడే చేతిని గుడ్డ ఊయలలో సర్దుకుని మెట్లు దిగిపోయాడు.

రమామణి పచ్చ ముక్కలు అతికించింది, తేనెరంగు ముక్కలు అతికించింది. మూడు కుడి ఎముకలూ వరసగా పెట్టింది. తీగది, పిండిది, ద్రవంది. మూడూ పొట్టివే, మూడూ లావే, మూడింటికీ భుజం దగ్గర అదే మెట్ట. ఒక కడుపున పుట్టినట్టున్నాయి. ఎడమ నుంచి తిప్పి చేసిన మొదటి పచ్చది మాత్రం పక్కింటి నుంచి వచ్చినదానిలా విడిగా ఉంది.

ఏ పద్ధతి బాగుంది, ఏది బాగాలేదు అని ఆమె ఇన్ని రోజులూ తేడాలు వెతికింది. తేడాలు లేవని ఇప్పుడు తెలిసింది. మూడు పద్ధతులూ ఒకే మాట చెప్తున్నాయి. మొగిలి కుడి ఎముక, ఎడమ ఎముకకు ప్రతిబింబం కాదు.

ఇష్టం లేని చేతులతో, ముచ్చటపడి వంచిన కొత్త ప్లేటు తీసి అతికించిన ఎముక మీద పెట్టింది. భుజం వైపు కొస పైకి లేచింది. దాన్ని వేలితో నొక్కితే ఇవతలి కొస లేచింది. ప్లేటు ఎముక మీద తక్కెడలా అటూ ఇటూ ఊగుతోంది.

నవంబరు ఆపరేషను ఆమెకు కళ్ళకు కట్టినట్టు గుర్తొచ్చింది. అప్పుడు వేసింది అందరికీ సరిపోయే వంపుతో తయారై వచ్చే ప్లేటు. దాని కొస కూడా ఇలాగే లేచింది. స్క్రూ పెట్టి బిగిస్తే దిగుతుందిలే అనుకుంది. బిగించింది. కిర్రుమంటూ దిగింది. కూర్చుందమ్మా అని నర్సు అంటే, తను సంతోషపడింది కూడా. ప్లేటు ఎముకకు ఒదగాలి గానీ బలవంతాన ఎముకను పట్టుకోకూడదని ఎంతమంది జూనియర్లకు చెప్పిందో. అలా బిగపట్టిన ప్లేటు మొగిలి చెయ్యి కదిలినప్పుడల్లా కొంచెం వంగి, కొంచెం లేచి, తీగను అటూ ఇటూ వంచినట్టు రోజూ అలిసిపోతూనే ఉంది. దానికి బెల్లం బస్తా అక్కర్లేదు. తల దువ్వుకున్నా విరిగేదే. ఇప్పుడు వంచిన కొత్తది వేసి ఉంటే, అదీ ఇంకో మూడు నాలుగు నెలలకు విరిగేది. అప్పుడు కూడా తను, ఏం ఎత్తినవ్ మొగిలీ అనే అడిగేది.

అనంతరామ్‌కు ఫోను చేసి, తప్పు పిండిది కాదంది. వాడు పొంగిపోయాడు. మిగతాదీ విన్నాడు. తర్వాత నెమ్మదిగా, ఇప్పుడు సరైన ఎముక చేతిలో ఉంది కదా అక్కయ్యా, ప్లేటు దీని మీద వంచి వేసేసేయ్, ఈసారి నిలుస్తుంది, పాత సంగతి ఎవరికి తెలుసు అన్నాడు. నిజమే. ఎవరికీ తెలియదు. మొగిలి కూడా అడగడు. ఆమె ఫోను పెట్టేసి చాలాసేపు ఆ మూడు ఎముకల వంక చూస్తూ కూర్చుంది. తన మీద తనకు ఇంత విసుగు ఎప్పుడూ రాలేదు. ఆ విసుగులోనే ఇంకో ప్లేటు తీసి, ఈసారి అతికించిన పచ్చ ఎముక మీద, మెట్ట దగ్గర మెలితిప్పుతూ వంచడం మొదలుపెట్టింది.

మొగిలిని మర్నాడు పిలిపించింది. ఆపరేషనుకు రక్తం అవసరం పడొచ్చేమోనని ఎల్లన్న తన లైనులోని నలుగురిని వెంటేసుకొచ్చి హాల్లో కూర్చోబెట్టాడు. సారవ్వ ఓ మూల గోడ వైపు తిరిగి కూర్చుంది.

గదిలో అంగీ విప్పమంది. మొగిలి ఎడమ చేత్తో ఒక్కొక్క గుండీ విప్పాడు. రమామణి అతని వెనక నిలబడి రెండు చేతులూ రెండు భుజాల మీద వేసింది. ఎడమది మామూలు భుజం. కుడిది మెడ పక్కనే మొద్దులా లేచి, మీద చర్మం కాయ కాసి గరుగ్గా ఉంది. ఈ కాయను నవంబరులో కూడా చూసింది. స్పిరిట్ రాసి, తుడిచి, దాని పక్కనే కోసింది.

"బావిల దుంగలు ఎప్పుడు కుడి బుజం మీదనే మోస్తవా?"

"బాయిల దిగిన కాడికెల్లి గంతేనమ్మా. మీసం సుత సరిగ్గ రాలే అప్పటికి."

"ఎడమకు మార్చుకోవా?"

"ఎట్ల మార్సుకుంట? ఎడమ చెయ్యి గోడకు ఆనిచ్చి నడుస్తం గదా. గా చెయ్యే మాకు తొవ్వ సూపెడ్తది."

ఆమె ఎదురుగా వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. మూడు ఎముకలూ, మొదట వంచిన ప్లేటూ బల్ల మీద పెట్టింది. పాత ప్లేటు ఎందుకు విరిగిందో, అది ఎలా ఊగేదో, వేలితో నొక్కి చూపించింది. చెప్పడం అయ్యాక, "నువ్వేం ఎత్తలేదు మొగిలీ. తప్పు నాది," అంది.

మొగిలి ప్లేటును చూడలేదు, ఎముకలను చూడలేదు. తలుపు వైపు చూశాడు.

"గా ముచ్చట మా ఇంటిదానికి చెప్పున్రి."

సారవ్వను లోపలికి పిలిచి మళ్ళీ మొదట్నుంచి చెప్పింది రమామణి. సారవ్వ వింటూ వింటూ బల్ల మీది ఎముకలకేసి చూసి చూపు తిప్పుకుంది. బతికున్న మనిషి బొక్కలను అలా పరిచి పెట్టడం ఆమెకు నచ్చలేదు. అంతా విన్నాక ఒకటే అడిగింది.

"అయితే తల్లి కొట్టలేదా?"

"లేదు."

"అంటే నువ్వు కొట్టినవు."

రమామణి అవునన్నట్టు తలూపింది.

"తల్లి కొడితే ఎందుకు కొట్టిందో ఎవరి మీదికన్న వచ్చి చెప్తదమ్మా. నువ్వు కొట్టినవు, పైకెల్లి మా ఆయననే దొంగను చేసినవు. నేను సుత ఆయన మొకం చూడకుంటైన." సారవ్వ హాలు వైపు చెయ్యి చూపింది. "ఈ అర్రల నాకొక్కదానికి చెప్తె ఏమైతది? ఆ దినం బయట చెప్పినవు గదా. ఆడ్నే చెప్పు."

తలుపు తీసి హాల్లోకి నడవడం కొన్ని అడుగుల పని. ఆ కాస్త దూరమే రమామణికి కష్టమైంది. బెంచీలన్నీ నిండి ఉన్నాయి. నర్సు చేతిలో చీటీలు పట్టుకుని చూస్తోంది. ఎల్లన్న, అతనితో వచ్చినవాళ్ళు లేచి నిలబడ్డారు. మొగిలి విప్పిన అంగీ ఎడమ చేతిలో పట్టుకుని ఆమె వెనకాలే వచ్చాడు.

"మొగిలి బరువు ఎత్తలేదు. నేను వేసిన ప్లేటు సరిగ్గ కూసోలేదు, అందుకే విరిగింది. ఆ రోజు ఇక్కడ నేను చెప్పింది తప్పు. కాగితంల కూడ దిద్దుతున్న," అంది. పెద్దగా అనాలనుకుంది గానీ గొంతు అంతకంటే లేవలేదు.

ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నవ్వినవాళ్ళలో చాలామంది ఇవాళ ఇక్కడ లేరు కూడా. ఎల్లన్న వాతావరణం తేలిక చేద్దామని, "అయితే బావా, దండం పెడితేనే ఇరిగిందన్నట్టు," అన్నాడు. సారవ్వ చూసిన చూపుకు మిగతాది మింగేశాడు.

పనయిపోయిందనుకుని రమామణి గదిలోకి తిరగబోయింది.

"ఆగున్రి," అన్నాడు మొగిలి.

ఇన్నాళ్ళూ జనం ఆడుకున్నా, భార్య మాట్లాడకపోయినా కిమ్మనని మనిషి. ఇప్పుడు నిజం తేలాక అతని మెడనరాలు ఉబ్బాయి. కోపం తెచ్చుకోవడానికి కూడా అతనికి ఇవాళే వీలు దొరికింది.

"మొదటి దినమే చెప్పిన ఎత్తలేదని. మీ దిక్కు సూస్కుంటనే చెప్పిన. నమ్మకపోతిరి. గిప్పుడు మిషన్ల మూడు తీర్ల బొక్కలు చేపిచ్చుకొని, గవి చెప్తే నమ్మిన్రు. గా ప్లాస్టిక్ బొక్కలపాటి సుత చెయ్యదా అమ్మా నా మాట?"

రమామణి ఏదో చెప్పబోయింది. ఎక్స్‌రేలో అలా కనబడదనో, అందరూ అబద్ధమే చెబుతారనో.

"నా దగ్గర చెయ్యలేదు మొగిలీ," అంది చివరికి.

సారవ్వ ముందుకొచ్చి, మొగిలి చేతిలోంచి అంగీ తీసుకుని, విరిగిన భుజం వైపు చేతిని జాగ్రత్తగా ఎత్తి ముందు దాన్ని తొడిగింది. గుండీలు పెడుతూ, డాక్టరు వైపు తిరక్కుండానే, ఆపరేషను ఎన్నడని అడిగింది. రమామణి సోమవారం పొద్దున అని చెప్పింది. "ఆదివారం రాత్రికే వస్తం," అంది సారవ్వ. మొగిలి అప్పటికే మెట్ల దగ్గరికి నడిచాడు.